బస్సే ఇల్లు, వెనక బైకు: ఆస్ట్రేలియా అవుట్‌బ్యాక్ ప్రయాణంపై తరచుగా అడిగే ప్రశ్నలు

మెల్‌బోర్న్, సిడ్నీ, అడిలైడ్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్ళలో పాత బస్సును ఇల్లుగా మార్చుకుని, వెనక ట్రైలర్ మీద మోటార్‌సైకిల్ కట్టుకుని అవుట్‌బ్యాక్‌కు, అంటే దేశం లోపలి ఎడారి వైపు వెళ్దామనుకునేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకా జవాబు విడిగా చదువుకోవచ్చు. లైసెన్సు, రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి, మారుతుంటాయి కూడా. డబ్బు కట్టే ముందు మీ రాష్ట్ర రవాణా శాఖ సైటు ఒకసారి చూసుకోండి. ఒక విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి: బస్సు తారు రోడ్డు దిగకూడదు. దిగాల్సిన పనులు బైకుకు అప్పగించాలి.

## బయల్దేరాలా వద్దా అన్న దశలో

క్యారవాన్ లాక్కెళ్ళక పాత బస్సెందుకు? దానికి తోడు బైకెందుకు?

బస్సులో నిలబడి తిరగొచ్చు, చుట్టూ కిటికీలుంటాయి, పిల్లలకు ఆకలేస్తే ఆపిన రెండు నిమిషాల్లో వంటగదిలో ఉంటారు. చిక్కల్లా ఆగిన తర్వాత వస్తుంది. పాల ప్యాకెట్ కావాలన్నా మంచం మడిచి, గిన్నెలు సర్ది, కరెంటు వైరు పీకి ఇల్లు మొత్తాన్ని కదిలించాలి. క్యారవాన్ వాళ్ళు దాన్ని విప్పేసి కారులో వెళ్ళిపోతారు. బస్సు వాళ్ళకు ఆ కారు పని బైకు చేసిపెడుతుంది. నలుగురున్న కుటుంబం రోజూ కలిసి బయట తిరగాలనుకుంటే మాత్రం బైకు మీద కుదరదు, క్యారవాన్ కొనుక్కోండి.

ఏ నెలల్లో వెళ్ళాలి?

మే నుంచి సెప్టెంబరు దాకా. డిసెంబరు సెలవుల్లో వెళ్దామని చాలామంది అనుకుంటారు. ఆ నెలల్లో సౌత్ ఆస్ట్రేలియా ఎడారిలోని కూబర్ పీడీ వైపు ఎండ 45 డిగ్రీలు తాకుతుంది, ఉత్తర కొసన డార్విన్ వైపు వానాకాలం నడుస్తుంది. జూన్, జులైల్లో పగలు హాయిగా ఉంటుంది కానీ దేశం నడిమధ్య ఉన్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో రాత్రి సున్నా కిందికి దిగుతుంది. ఎడారే కదా అని దుప్పట్లు ఇంట్లో వదిలేయకండి.

రెండు వారాల సెలవు సరిపోతుందా?

మెల్‌బోర్న్ నుంచి ఎడారి నడుమ ఉన్న ఎర్రరాతి కొండ ఉలూరుకు వెళ్ళి రావడానికి సరిపోతుంది, కానీ డ్రైవింగే ఎక్కువవుతుంది. రోజుకు 400 కి.మీ. దాటకుండా, మూడు రోజులకోసారి కదలకుండా ఉండేలా లెక్క వేసుకోండి. చూసే రోజులూ కలుపుకుంటే నెల పెట్టుకోవాలి. అంత సెలవు దొరక్కపోతే బస్సును అడిలైడ్‌లోనో ఆలిస్‌లోనో పార్క్ చేసి, విమానంలో వచ్చిపోతూ రెండు విడతలుగా చేసేవాళ్ళున్నారు.

## బస్సు కొనేటప్పుడు, మార్చేటప్పుడు

నాకు కారు లైసెన్సే ఉంది. టొయోటా కోస్టర్ అనే చిన్న బస్సు నడపొచ్చా?

కారు లైసెన్సుకు రెండు హద్దులున్నాయి: జీవీఎం, అంటే లోడుతో కలిపి వాహనం ఉండదగ్గ గరిష్ఠ బరువు 4.5 టన్నులు దాటకూడదు. డ్రైవరుతో కలిపి సీట్లు 12 మించకూడదు. చాలా కోస్టర్లు, మిత్సుబిషి రోజాలు ఈ హద్దులకు బయటే ఉంటాయి. అందుకే కొందరు జీవీఎంను కాగితాల మీద 4.495 టన్నులకు తగ్గించి అమ్ముతారు. వినడానికి బాగుంటుంది. ఇల్లుగా మార్చిన బస్సు ఖాళీగానే 4 టన్నులకు దగ్గర పడుతుంది. ఆ పైన 150 లీటర్ల నీళ్ళు, నలుగురు మనుషులు, సామాను ఎక్కితే ఆ అంకె దాటిపోతారు. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్ళు ముందు ఈ బరువే చూస్తారు. లైట్ రిజిడ్ లైసెన్సు తీసుకోవడమే మంచిది. 8 టన్నుల దాకా పనికొస్తుంది. సాధారణంగా కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటితే పరీక్షకు వెళ్ళొచ్చు. ఇంకోటి, సీట్లు తీయని బస్సును అమ్మినవాళ్ళింటి నుంచి మీ ఇంటికి తెచ్చుకోవడానికి కూడా ఆ లైసెన్సే కావాలి.

సీట్లు పీకేసి మంచం, వంటగది పెట్టేస్తే అయిపోతుందా?

అవదు. బస్సుగా ఉన్న రిజిస్ట్రేషన్‌ను మోటార్‌హోమ్‌గా మార్పించాలి. దానికి గుర్తింపు పొందిన ఇంజనీరు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. గ్యాస్ పని లైసెన్సున్న గ్యాస్‌ఫిట్టర్, 240 వోల్టుల పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేసి కాగితం ఇవ్వాలి. ఇంజనీరును ఆఖర్లో కాదు, మొదటి స్క్రూ తీయకముందే కలవండి. ఏ సీటు ఉంచాలి, బెల్టు ఎక్కడ బిగించాలి అన్నది ముందే తేలితే చేసిన చెక్కపని మళ్ళీ విప్పే బాధ తప్పుతుంది.

ఇండియా నుంచి అమ్మానాన్న వస్తున్నారు. బస్సు నడుస్తుంటే వాళ్ళు మంచం మీద నడుం వాల్చొచ్చా?

కుదరదు. బస్సు కదులుతున్నంతసేపు ప్రతి ఒక్కరూ సీట్లో బెల్టు పెట్టుకుని ఉండాలి. ఏడేళ్ళ లోపు పిల్లలకు ఆమోదం పొందిన చైల్డ్ సీటు తప్పనిసరి. పాత బస్సుల్లో దాన్ని బిగించే యాంకర్ ఉండదు, విడిగా పెట్టించాలి. పెద్దవాళ్ళ కోసం గంటన్నరకోసారి ఆపి, కాసేపు పడుకోనిచ్చి కదలండి. మెట్టు ఎత్తుగా ఉంటుంది, తలుపు పక్కన గట్టి పట్టుకడ్డీ ఒకటి వేయించండి.

అన్నం, పప్పు వండుకోవడానికి గ్యాస్ మంచిదా, కరెంటా?

రెండూ ఉంచుకోండి. ఎడారిలో ఎండకు కొదవలేదు; బస్సు పైకప్పు మీద సోలార్ పలకలకు చోటూ ఎక్కువే. లిథియం బ్యాటరీ, 2000 వాట్ల ఇన్వర్టర్ ఉంటే మధ్యాహ్నం రైస్ కుక్కర్ సులువుగా నడుస్తుంది. ప్రెషర్ కుక్కర్ మాత్రం మర్చిపోవద్దు, గ్యాసూ నీళ్ళూ రెండూ ఆదా. పోపు తలుపు దగ్గరో బయట మడత బల్ల మీదో పెట్టుకుంటే ఇంగువ వాసన పరుపులకు పట్టదు. అగ్గి నిషేధం ప్రకటించిన రోజుల్లో ఆరుబయట పొయ్యి వెలిగించకూడదు. కొన్నిచోట్ల గ్యాస్ పొయ్యికి కూడా ఆ నిషేధం ఉంటుంది, ఆ రోజు రేడియో వినండి.

లోపలికి దుమ్ము రాకుండా ఏం చేయాలి?

బస్సు నడిచేటప్పుడు వెనకభాగంలో గాలి పీడనం తగ్గి, సందుల్లోంచి దుమ్మును లోపలికి లాగుతుంది. వెనక తలుపు రబ్బర్లు మార్చండి, అడుగున పాత వైర్ల కోసం చేసిన రంధ్రాలు మూయండి. ముందువైపు పైకప్పు వెంటు కొద్దిగా తెరిచి ఉంచితే లోపల గాలి నిండి దుమ్ము తగ్గుతుంది.

## బైకు, ట్రైలర్

ట్రైలర్ ఎందుకు? బస్సు వెనక ర్యాక్ పెట్టి బైకు ఎక్కిస్తే సరిపోదా?

తేలిక బైకుకు సరిపోవచ్చు. బరువైనదానికి లెక్క వేసి చూడండి. రెండు ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు, వెనక ఇరుసు నుంచి ర్యాక్ 2.5 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. బైకు, ర్యాక్ కలిపి 200 కిలోలైతే వెనక ఇరుసు మీద పడేది 200 కాదు, 325 కిలోలు. ఆ అదనపు 125 కిలోలు ముందు ఇరుసు మీంచి లేచిపోతాయి, స్టీరింగ్ తేలికవుతుంది. పడకా నీళ్ళ ట్యాంకూ ఇప్పటికే వెనకే ఉన్న బస్సుకు ఇది మంచిది కాదు. ట్రైలర్ అయితే తన బరువు తనే మోస్తుంది, అందులో పదో వంతు మాత్రమే బస్సు కొక్కెం మీద పడుతుంది. ర్యాక్‌తో ఇంకో తలనొప్పి కూడా ఉంది: నంబరు ప్లేటు, లైట్లు కనబడకపోతే ఫైన్ వేస్తారు.

ఏ బైకు తీసుకెళ్ళాలి?

ఆస్ట్రేలియా పోస్టుమ్యాన్‌లు ఏళ్ళ తరబడి నడిపిన హోండా సీటీ110కి నా ఓటు. అందరూ దాన్ని పోస్టీ బైకు అంటారు. 90 కిలోల చిల్లర బరువు, ఒక్కరే ట్రైలర్ ఎక్కించొచ్చు, స్పేర్ పార్టులు దొరుకుతాయి. మన లూనా, ఎక్సెల్ నడిపిన చేతులకు వెంటనే అలవాటవుతుంది. హైవే మీద మాత్రం దానికి వేగం చాలదు. ఇద్దరు కూర్చుని మట్టి దారుల్లో వంద కిలోమీటర్లు తిరగాలంటే సుజుకీ డీఆర్650 లాంటిది కావాలి, దాని బరువు 160 కిలోల పైమాట. రోడ్డు మీదే నడిపే స్పోర్ట్స్ బైకును అక్కడికి మోసుకెళ్ళి ప్రయోజనం లేదు.

ఇండియా టూవీలర్ లైసెన్సు ఉంది కదా, అక్కడ పనికొస్తుందా?

ఆస్ట్రేలియాలో స్థిరపడి ఇక్కడి కారు లైసెన్సు తీసుకున్నవాళ్ళకు పనికిరాదు. దాని మీద మోటార్‌సైకిల్‌కు ఇచ్చే ఆర్ క్లాస్ లేకపోతే పోస్టీ బైకు కూడా నడపకూడదు. ఇండియా లైసెన్సు నేరుగా మారే జాబితాలో లేదు, శిక్షణా పరీక్షా రెండూ ఉంటాయి. కొన్ని నెలలు పట్టే పని, బస్సు పని మొదలుపెట్టిన రోజే దీన్ని కూడా మొదలుపెట్టండి.

ట్రైలర్‌కు బ్రేకులు ఉండాలా?

లోడుతో కలిపి ట్రైలర్ చక్రాల మీద పడే బరువు 750 కిలోల దాకా బ్రేకులు అక్కర్లేదు. ఒక బైకుతో అంతకు చేరరు. ట్రైలర్‌కు, బైకుకు విడివిడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. బస్సుకు ట్రైలర్ తగిలించే టో బార్ వేయించేటప్పుడు దాన్ని బాడీ రేకుకు కాకుండా ఛాసిస్‌కే బిగించారో లేదో కిందికి దూరి చూడండి.

లైట్ల ప్లగ్ పెట్టగానే ట్రైలర్ బల్బులు మాడిపోయాయి, ఎందుకు?

మీ బస్సు 24 వోల్టులది, ట్రైలర్ బల్బులు 12 వోల్టులవి. డీజిల్ బస్సుల్లో ఇది మామూలే. రెండు వోల్టేజీలకూ పనిచేసే ఎల్‌ఈడీ లైట్లు దొరుకుతాయి, అవి వేసేస్తే సమస్య తీరుతుంది.

బైకును ఎలా కట్టాలి?

ముందు చక్రం, దాన్ని పట్టి ఉంచే చాక్‌లో గట్టిగా దిగాలి. హ్యాండిల్‌కు కాకుండా ఫోర్క్ కింది క్లాంప్‌కు మెత్తటి లూపులు వేసి, రెండు పట్టీలతో ముందుకీ పక్కలకీ లాగండి. ఫోర్క్ సగం దాకా దిగితే చాలు, పూర్తిగా నొక్కేస్తే సీళ్ళు పోతాయి. వెనక ఇంకో రెండు పట్టీలు. 20 కి.మీ. పోయాక ఆపి మళ్ళీ బిగించండి, మొదటి కుదుపులకు అన్నీ కొంత వదులవుతాయి. కార్బ్యురేటర్ బైకైతే పెట్రోలు ట్యాప్ కట్టేయండి. సైలెన్సర్ గొట్టానికీ గాలి ఫిల్టర్ నోటికీ ప్లాస్టిక్ సంచి కట్టి, స్టార్ట్ చేసే ముందు తీయడం గుర్తుండేలా తాళంచెవికి ఎర్రదారం కట్టండి. మొత్తం కప్పే టార్పాలిన్ వద్దు, గాలికి కొట్టుకుని రంగంతా గీకేస్తుంది. బస్సు వెనక కెమెరాను నడిచేటప్పుడు కూడా ఆన్‌లోనే ఉంచితే పట్టీ ఊడినా కనబడుతుంది.

రివర్స్ చేస్తుంటే ట్రైలర్ అడ్డంగా తిరిగిపోతోంది. ఏం చేయాలి?

పొట్టి ట్రైలర్లన్నీ అంతే, పెద్ద క్యారవాన్ కన్నా కష్టం. బస్సు వెడల్పులో అది అద్దాల్లో కనబడదు కూడా. కుస్తీ పట్టకండి. బైకు దించి, ట్రైలర్ విప్పి, చేత్తో తోసేయండి. క్యారవాన్ పార్కుల్లో ముందునుంచి వెళ్ళి వెనకనుంచి బయటపడే సైటు అడిగితే ఆ పనీ ఉండదు.

## దారి ఎంచుకోవడం

మొదటిసారికి ఏ దారి మంచిది?

స్టువర్ట్ హైవే. దక్షిణాన పోర్ట్ ఆగస్టా నుంచి ఉత్తరాన డార్విన్ దాకా సుమారు 2,700 కి.మీ., 1987 నుంచి మొత్తం తారు రోడ్డే. అడిలైడ్ నుంచి బయల్దేరి పోర్ట్ ఆగస్టా, కూబర్ పీడీ, ఎర్ల్‌డండా మీదుగా ఉలూరు, తర్వాత ఆలిస్ స్ప్రింగ్స్ చూసి రావడం మొదటి ప్రయాణానికి సరిగ్గా సరిపోతుంది. ఎర్ల్‌డండా దగ్గర మలుపు తిరిగితే ఉలూరు పక్కనున్న యులారా ఊరు సుమారు 245 కి.మీ. దూరం, అదీ తారే. రెండోసారికి నల్లర్బార్ మీదుగా పశ్చిమానికి వెళ్ళే ఏర్ హైవే చూడండి. దాని మీద 146 కి.మీ. పాటు ఒక్క మలుపూ లేని భాగముంది. మొదటి పావుగంట సరదాగా ఉంటుంది, తర్వాత నిద్రొస్తుంది.

ఊడ్నడాటా ట్రాక్, గిబ్ రివర్ రోడ్డు మీద బస్సు పోతుందా?

వెళ్ళినవాళ్ళున్నారు. నా సలహా మాత్రం వద్దనే. మారీ నుంచి మార్లా దాకా సుమారు 620 కి.మీ. ఊడ్నడాటా ట్రాక్, కింబర్లీలో 660 కి.మీ. గిబ్ రివర్ రోడ్డు ఎక్కువ భాగం మట్టి, కంకర. రోడ్డంతా రేకు కప్పులా అలలు అలలుగా ఉంటుంది. ఆ కుదుపుకు బస్సు విరగదు, మీరు కట్టిన ఇల్లు విరుగుతుంది: అల్మరా స్క్రూలు ఊడతాయి, నీళ్ళ పైపు జాయింట్లు కారతాయి, పైకప్పు మీది సోలార్ బ్రాకెట్లు పగుళ్ళిస్తాయి. వెనక చిన్న చక్రాల ట్రైలర్‌ది ఇంకా ఘోరం, బస్సు లేపిన రాళ్ళన్నీ దానికే తగులుతాయి. బస్సును స్టువర్ట్ హైవే మీదున్న మార్లాలో నిలిపి, ట్రాక్‌లో ఒక ముక్క బైకు మీద చూసి రండి.

పర్మిట్లు ఏమైనా తీసుకోవాలా?

స్టువర్ట్ హైవే మీద పోవడానికి అక్కర్లేదు. కూబర్ పీడీకి ముందు ఆ హైవే సైన్యం ఆయుధాలు పరీక్షించే వూమెరా నిషిద్ధ ప్రాంతం గుండా వెళ్తుంది. అక్కడ రోడ్డు దిగి లోపలికి పోకూడదు. ఆదివాసుల భూముల గుండా వెళ్ళే గ్రేట్ సెంట్రల్ రోడ్డుకు, మెరీనీ లూప్‌కు పర్మిట్ కావాలి. నార్తర్న్ టెరిటరీలో చాలా ఊళ్ళలోకి మద్యం తీసుకెళ్ళడం నేరం. దారి పక్కన నీలం బోర్డు కనబడితే ఆపి చదవండి.

డీజిల్, పెట్రోలు రెండూ ఎలా చూసుకోవాలి?

ట్రైలర్‌తో కోస్టర్ 100 కి.మీ.కు 15 నుంచి 20 లీటర్లు తాగుతుంది, ఎదురుగాలి ఉంటే పై అంకె. గ్లెండాంబో నుంచి కూబర్ పీడీ దాకా 250 కి.మీ. మధ్యలో బంకు లేదు. మ్యాప్‌లో ఉన్న రోడ్‌హౌస్ (హైవే పక్కన బంకూ హోటలూ కలిసిన చోటు) ఆ వారం తెరిచి ఉంటుందన్న హామీ కూడా లేదు, కాబట్టి సగం ట్యాంకు కాగానే నింపడం అలవాటు చేసుకోండి. బైకు సంగతి వేరు. మధ్య ఆస్ట్రేలియాలో చాలాచోట్ల మామూలు అన్‌లెడెడ్ బదులు ఓపల్ అనే పెట్రోలు అమ్ముతారు. పెట్రోలు పీల్చే వ్యసనం వల్ల యువకుల ప్రాణాలు పోతుంటే, మత్తెక్కించే రసాయనాలు తగ్గించి 2005లో తెచ్చిన ఇంధనం అది. 91 ఆక్టేన్‌తో నడిచే బైకుకు ఏ ఇబ్బందీ లేదు. 95 తప్పనిసరి అనే బైకైతే ఆ ప్రాంతంలో వెతుక్కోవాలి. పెట్రోలు క్యాన్ ట్రైలర్ మీదే ఉండాలి, పడుకునే బస్సులో వద్దు.

కరివేపాకు, పచ్చిమిర్చి తీసుకెళ్ళొచ్చా?

రాష్ట్రాల సరిహద్దుల్లో క్వారంటైన్ తనిఖీలుంటాయి. విక్టోరియా నుంచి సౌత్ ఆస్ట్రేలియాలోకి వచ్చేటప్పుడు యాంబా దగ్గర, పశ్చిమం నుంచి తిరిగొచ్చేటప్పుడు సెడూనా దగ్గర, వెస్టర్న్ ఆస్ట్రేలియాలోకి పోయేటప్పుడు సరిహద్దు మీద బస్సెక్కి ఫ్రిజ్ తెరిచి చూస్తారు. పండ్ల ఈగ భయంతో పచ్చి కూరగాయలు, పండ్లు తీసేసుకుంటారు. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో తేనె కూడా. పెరట్లో కోసిన కరివేపాకు కట్ట దాచిపెట్టి దొరికిపోతే జరిమానా కడతారు. ముందురోజే ఉన్న కూరగాయలన్నీ వండేసి, కరివేపాకు పొడి చేసి పెట్టుకోండి. అనుమానమున్నదేదైనా అడగకముందే చూపించండి. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఇండియన్ సరుకుల దుకాణాలున్నాయి కాబట్టి పప్పు, మసాలాల టెన్షన్ అక్కర్లేదు.

## రోడ్డు మీద

రాత్రిపూట చల్లగా ఉంటుంది కదా, అప్పుడు నడిపితే?

వద్దు. కంగారూలు సంధ్యవేళల్లో, రాత్రిళ్ళు రోడ్డెక్కుతాయి. పశువులకు, ఒంటెలకు కంచె ఉండదు, నల్ల ఆవు హెడ్‌లైట్ వెలుగులో చివరి క్షణం దాకా కనబడదు. సూర్యోదయం తర్వాత గంటకు బయల్దేరి, సాయంత్రం నాలుగింటికల్లా ఆగండి. పగలు కూడా చచ్చిన జంతువుల మీద వాలిన గద్దల్ని చూస్తే వేగం తగ్గించండి, అవి బరువుగా, ఆలస్యంగా లేస్తాయి. బైకు మీద వెళ్ళినప్పుడు ఈ నియమం ఇంకా గట్టిగా పాటించాలి.

ఎంత వేగంతో పోవాలి?

గంటకు 85 నుంచి 90 కి.మీ. టెరిటరీలో 130 బోర్డులు మీకోసం కాదు.

రోడ్ ట్రెయిన్ ఎదురైతే, వెనకొస్తే భయమేస్తుంది. ఎలా?

రోడ్ ట్రెయిన్ అంటే వరసగా కొన్ని ట్రైలర్లు లాగే లారీ, ఒక్కోటి 53.5 మీటర్ల దాకా పొడవుంటుంది. దాన్ని దాటాలంటే కిలోమీటరుకు పైగా ఖాళీ రోడ్డు కావాలి, బస్సుతో ఆ ప్రయత్నమే వద్దు. వెనక వస్తుంటే మీ వరసలోనే, ఒకే వేగంతో నిలకడగా పోండి, పక్కకు దిగి బ్రేకులు వేయకండి. యూహెచ్‌ఎఫ్ సీబీ రేడియో 40వ ఛానెల్‌లో పెట్టుకుంటే డ్రైవరు మీతో మాట్లాడతాడు. అతను దాటడం మొదలుపెట్టాక కాలు కొంచెం తీయండి, తోక మీ ముందుకు వచ్చేశాక చెప్పండి, సంతోషిస్తాడు. ఎదురుగా వచ్చేటప్పుడు ఒక గాలి దెబ్బ తగులుతుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి.

వాన పడితే?

ఉన్నచోటే ఉండండి. మూసేసిన మట్టి రోడ్డు మీద నడిపితే భారీ జరిమానా, పైగా తడిలో పడిన గాడి ఎండాక రాయిలా గట్టిపడి తర్వాత వచ్చేవాళ్ళ టైర్లు తింటుంది. హైవే మీద కూడా లోతట్టు దాట్లలో నీళ్ళు పారుతుంటే పక్కనున్న కొలత కర్ర చూసి, తగ్గేదాకా ఆగండి. టీ పెట్టుకోవడానికి ఇల్లు వెంటే ఉంది కదా.

## ఆగినచోట

ఎక్కడైనా ఆపి పడుకోవచ్చా?

హైవే పక్కన రాత్రి ఆగడానికి అనుమతి ఉన్న రెస్ట్ ఏరియాలు చాలా ఉన్నాయి. వికీక్యాంప్స్ యాప్‌లో ఏది ఉచితం, ఎక్కడ నీళ్ళున్నాయి, టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసే డంప్ పాయింట్ ఎక్కడ అన్నీ తెలుస్తాయి. సిగ్నల్ ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. ఉలూరు జాతీయ పార్కు లోపల మాత్రం రాత్రి ఉండకూడదు, బయట యులారాలోని క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాలి. గిన్నెలు కడిగిన నీళ్ళు నేల మీద వదలొద్దు, పట్టి ఉంచే ట్యాంకు పెట్టించండి.

నీళ్ళు ఎన్ని మోసుకెళ్ళాలి?

తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 10 లీటర్ల చొప్పున, అనుకున్నదానికి మూడు రోజులు ఎక్కువ. చాలా రోడ్‌హౌస్‌ల్లో వచ్చేది బోరు నీరు, ఉప్పగా ఉంటుంది, పప్పు ఉడకదు. తాగేవి వేరే క్యాన్లలో ఉంచండి, పెద్ద ట్యాంకు పగిలినా అవి మిగులుతాయి.

బైకు మీద ఒంటరిగా ఎంత దూరం వెళ్ళొచ్చు?

పెట్రోలులో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలింది అనుకోనిదానికి. పోస్టీ బైకు ట్యాంకు చిన్నది, ఆ లెక్కన 70 కి.మీ. దాటొద్దు. అంతలోనే చూసేవి బోలెడున్నాయి. కూబర్ పీడీకి 30 కి.మీ. ఉత్తరాన బ్రేకవేస్ గుట్టలు, ఆలిస్ నుంచి 50 కి.మీ. లోపే సింప్సన్స్ గ్యాప్, స్టాండ్లీ క్యాజమ్ లోయ. ఏ దారిన పోతున్నారో, ఎన్నింటికి వస్తారో బస్సులో ఉన్నవాళ్ళకు కాగితం మీద రాసి ఇవ్వండి. నీళ్ళు వీపు సంచీలో ఉండాలి, బైకు డబ్బాలో కాదు. బైకు ఆగిపోయి నడవాల్సొస్తే అవి మీతోనే ఉంటాయి.

ఉలూరు రాతి మీదికి ఎక్కొచ్చా?

ఎక్కకూడదు. అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు అది పవిత్ర స్థలం. 2019 అక్టోబరు 26 నుంచి నిషేధించారు. చుట్టూ నడవడానికి దారి ఉంది, పొద్దున్నే మొదలుపెట్టండి. కొన్నిచోట్ల ఫొటోలు తీయొద్దని బోర్డులుంటాయి, అవి పాటించండి.

## ఏదైనా తేడా వస్తే

ఫోన్ సిగ్నల్ ఉంటుందా?

ఊళ్ళ దగ్గర ఉంటుంది, మధ్యలో వందల కిలోమీటర్లు ఉండదు. టెల్‌స్ట్రా నెట్‌వర్క్ మిగతావాటికన్నా ఎక్కువచోట్ల అందుతుంది. బస్సు మీద స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ పెట్టుకున్నా సరే, బైకు ఎక్కేవాళ్ళ జేబులో పీఎల్‌బీ అనే చిన్న అత్యవసర పరికరం ఉండాలి. మీట నొక్కితే ఉపగ్రహం ద్వారా రక్షణ సిబ్బందికి మీ చోటు తెలుస్తుంది. కొన్న వెంటనే మీ పేరు మీద రిజిస్టర్ చేయండి, అది ఉచితం.

ఎవరికైనా ఒంట్లో బాగా లేకపోతే?

000కు ఫోన్ చేయండి. దూరాన్ని బట్టి రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ విమానం వస్తుంది. 1928లో క్లోన్‌కరీ నుంచి మొదలైన సేవ ఇది. ఏర్ హైవే మీద కొన్నిచోట్ల రోడ్డునే రన్‌వేగా వాడేలా గీతలు గీసి ఉంటాయి. మెడికేర్ ఉన్నా అంబులెన్స్ ఖర్చు దాని కిందికి రాదు, విడిగా కవర్ తీసుకోండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళకు ట్రావెల్ ఇన్సూరెన్సు చేయించండి, బీపీ, షుగర్ మాత్రలు రెండింతలు తెప్పించండి.

బస్సు దారిలో ఆగిపోతే?

బస్సును వదిలి నడుచుకుంటూ పోవద్దు. ఎడారిలో ఈ ఒక్క తప్పు వల్లే చాలా ప్రాణాలు పోయాయి. బైకుంది కదా అని వెంటనే దాని మీద ఎగబడొద్దు కూడా. హైవే మీదైతే గంటలోపు ఎవరో ఒకరు ఆగుతారు. సహాయం దగ్గర్లో ఎక్కడుందో కచ్చితంగా తెలిసి, వెలుతురు మిగిలి ఉంటేనే ఒకరు బైకు తీయాలి. ఎక్కువగా ఇబ్బంది పెట్టేది టైర్లు, ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, ట్రైలర్ బేరింగులు. ఆగిన ప్రతిసారీ ట్రైలర్ చక్రం మధ్యలో చెయ్యి పెట్టి చూడండి, చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే బేరింగు పోతున్నట్టే. ఒక సెట్టు బేరింగులు, గ్రీజు, ట్రైలర్‌కూ బస్సుకూ వేర్వేరు స్టెప్నీలు పెట్టుకోండి. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకునేటప్పుడు బస్సు బరువు, పొడవు రాతపూర్వకంగా చెప్పి, లాక్కెళ్తామని ఈమెయిల్‌లో ఒప్పించుకోండి. మామూలు కారు ప్లాన్లలో 4.5 టన్నుల బస్సు ఉండకపోవచ్చు, ఎడారిలోంచి పెద్ద టో ట్రక్కు బిల్లు బస్సు ధరలో చెప్పుకోదగ్గ భాగమే అవుతుంది.